వేలికి తెలిసే మీట: ఫోన్ టచ్‌స్క్రీన్‌లో స్పర్శ స్పందనను గుర్తించడం, అమర్చుకోవడం, వాడుకోవడం

తెలుగు కీబోర్డులో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం రాయాలంటే వేలు ఆరుసార్లు అద్దాన్ని తాకాలి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొదటి పొల్లు సరిగా పడకపోతే అది ‘సత్రీ’ అవుతుంది, రెండోది పడకపోతే ‘స్తరీ’ అవుతుంది. పాత మీటల ఫోన్లలో ఈ ఇబ్బంది లేదు. మీట కిందికి దిగిందో లేదో వేలే చెప్పేది, కాబట్టి చూడకుండా సందేశాలు పంపగలిగినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉండేవారు. నున్నటి అద్దానికి ఆ గుణం లేదు. ఎక్కడ తాకినా ఒకేలా ఉంటుంది. ఆ లోటును పూడ్చడానికి ఫోన్ తయారీదారులు పాతికేళ్లుగా చేస్తున్న ప్రయత్నాల ఫలితమే, కీబోర్డు మీద వేలు పెట్టినప్పుడు అరచేతికి తెలిసే ఆ చిన్న ‘టిక్’.

ఈ వ్యాసం మూడు పనులకు ఉపయోగపడాలని రాశాను: మీ ఫోన్‌లో ఏ రకం వైబ్రేషన్ మోటారు ఉందో విప్పకుండానే తెలుసుకోవడం, ఉన్నదాన్ని మీ చేతికి తగినట్లు అమర్చుకోవడం, యాప్‌లు తయారుచేసేవారైతే ఈ స్పందనను ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో నిర్ణయించుకోవడం. మూడింటిలోనూ నేను పట్టుకున్న కొలబద్ద ఒకటే. స్పందన ఎంత గట్టిగా ఉందన్న దానికంటే, అది ఎంత త్వరగా మొదలై ఎంత త్వరగా ఆగిపోయిందన్నది చూడాలి. ముఖ్యంగా ఆగడం చూడాలి, ఎందుకంటే చవక ఫోన్లు సాధారణంగా తప్పేది అక్కడే.

ముందుగా వేలి సంగతి

చర్మం లోతున పచీనియన్ కణికలు అనే సూక్ష్మ గ్రాహకాలు ఉంటాయి. వేగంగా వచ్చే ప్రకంపనలను పసిగట్టేవి ఇవే. సెకనుకు 200 నుంచి 300 సార్లు, అంటే 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య వచ్చే కదలికకు ఇవి అన్నిటికంటే చురుగ్గా స్పందిస్తాయి. ఆ వేగంలో ఒక మైక్రాను కంటే తక్కువ కదలిక కూడా వేలికి తెలుస్తుంది. అంతకంటే బాగా నెమ్మదైన ప్రకంపనను, ఉదాహరణకు 30 నుంచి 50 హెర్ట్జ్ మధ్య వచ్చేదాన్ని, పై పొరల్లోని మైస్నర్ కణికలు గ్రహిస్తాయి. అది మనకు తట్టులా కాకుండా గరగరలా అనిపిస్తుంది. ఫోన్ స్పందన మీట నొక్కినట్లు ఉండాలా, ఈగ చేతిలో చిక్కినట్లు ఉండాలా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

రెండో సంగతి ఆలస్యం. వేలు అద్దాన్ని తాకిన క్షణానికీ స్పందన వచ్చిన క్షణానికీ మధ్య ఎంత ఎడం ఉండవచ్చో తోపి కారెసోయా, ఆయన సహ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో లెక్కగట్టారు. తెర మీద కనిపించే మార్పుకు 30 నుంచి 85 మిల్లీసెకన్లు, శబ్దానికి 20 నుంచి 70, స్పర్శకు 5 నుంచి 50 మిల్లీసెకన్లు తగిన హద్దులని వారు సూచించారు. కంటికంటే, చెవికంటే వేలికే ఓపిక తక్కువ అన్నమాట. 50 మిల్లీసెకన్లంటే సెకనులో ఇరవయ్యో వంతు. ఆ వ్యవధిలోనే ఫోన్ వేలిని గుర్తించాలి, ఏ మీటో తేల్చుకోవాలి, మోటారుకు కరెంటు పంపాలి, మోటారు కదలాలి.

ఫోన్ లోపల ఏముంటుంది

మొబైల్ ఫోన్‌కు వైబ్రేషన్ వచ్చిన తొలిరోజుల నుంచి, అంటే 1996 నాటి మోటొరోలా స్టార్‌టాక్ కాలం నుంచి, ఎక్కువగా వాడింది ఒక పక్కకు బరువున్న చిన్న తిరిగే మోటారునే. దీన్ని ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఇఆర్ఎం అంటారు. వాషింగ్ మెషీన్‌లో తడిబట్టలన్నీ ఒకవైపు చేరినప్పుడు అది తిరుగుతూ మొత్తంగా ఊగిపోతుంది కదా, ఇదీ అదే పని. బరువు ఒక పక్కకే ఉండటంవల్ల మోటారు తిరిగినంతసేపూ ఫోన్ ఊగుతుంది. కాల్ వచ్చినట్లు జేబులో తెలియడానికి ఇది చక్కగా సరిపోతుంది. మీట నొక్కిన అనుభూతికి మాత్రం రెండు కారణాలవల్ల పనికిరాదు. మొదటిది, ఆగి ఉన్న బరువు పూర్తి వేగం అందుకోవడానికి సుమారు 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది, ఆగడానికీ అలాగే సమయం కావాలి. రెండోది, వేగమూ బలమూ ఇందులో ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. నెమ్మదిగా తిప్పితే బలం తగ్గుతుంది, బలం కావాలంటే వేగంగా తిప్పాల్సిందే. కాబట్టి మృదువైన, కానీ స్పష్టమైన తట్టు దీనితో సాధ్యం కాదు.

రెండో రకం ఎల్ఆర్ఎ. ఇందులో తిరిగేదేమీ ఉండదు. స్ప్రింగుకు కట్టిన అయస్కాంతపు బరువు, పక్కనే తీగచుట్ట, అంతే. తీగచుట్టలో కరెంటు దిశ మారుతూ ఉంటే బరువు ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే తక్కువ బలంతోనే ఎత్తుకు వెళ్తుంది. లయ తప్పి తోస్తే చెయ్యి నొప్పే మిగులుతుంది. ఎల్ఆర్ఎకు కూడా అలాంటి సొంత లయ ఒకటి ఉంటుంది. దాన్ని అనునాద పౌనఃపున్యం అంటారు, ఫోన్లలో అది తరచుగా 150 నుంచి 235 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. దానికి కొద్ది హెర్ట్జ్ అటూ ఇటూ జరిగినా బలం బాగా పడిపోతుంది. అందువల్లే దీన్ని నడిపే చిప్‌కు ఆ లయను కనిపెట్టి పట్టుకునే తెలివి ఉండాలి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ డీఆర్‌వీ2605 వంటి చిప్‌లు చేసేది ఇదే. మొదట్లో ఎక్కువ కరెంటుతో ఒక తోపు తోసి, చివర్లో ఎదురు తోపుతో బరువును నిలిపివేస్తాయి.

ఆ ఎదురు తోపు గురించి కొంచెం ఆగి చెప్పాలి. స్టీలు పళ్లెం గచ్చు మీద పడితే ఎంతసేపు మోగుతుందో, చెయ్యి వేయగానే ఎలా చప్పున ఆగిపోతుందో వంటింట్లో అందరమూ చూశాం. ఎల్ఆర్ఎలోని బరువుకు కరెంటు ఆపేసినా స్ప్రింగు మీద అది కొంతసేపు ఊగుతూనే ఉంటుంది. ఆ తోకే తట్టును వణుకుగా మారుస్తుంది. మంచి ఫోన్‌కూ సాదా ఫోన్‌కూ ఒకే రకం మోటారు ఉన్నా అనుభూతి వేరుగా ఉండటానికి తరచూ కారణం, పళ్లెం మీద చెయ్యి వేసే ఈ పని ఒకదానిలో జరగడం, రెండోదానిలో జరగకపోవడం.

మూడో రకం పీజో. కరెంటు ఒత్తిడికి వంగే సిరామిక్ పలక ఇది. చాలా చురుకైనది, కానీ పదుల నుంచి వందకు పైగా వోల్టులు అడుగుతుంది. సుమారు నాలుగు వోల్టులు ఇచ్చే బ్యాటరీతో ఆ వోల్టేజీని పుట్టించడానికి అదనపు సర్క్యూటు కావాలి. చేతిలో పట్టే పరికరాల్లో దీనితో మీట అనుభూతి తెప్పించవచ్చని సోనీ పరిశోధకులు 2002లోనే చూపించారు. అంతకు ముందు సంవత్సరమే జపాన్‌లో ఎన్‌టీటీ డొకొమో అనే మొబైల్ కంపెనీ పరిశోధకులు టచ్ ప్యానెల్ కోసం ‘యాక్టివ్ క్లిక్’ అనే పద్ధతిని ప్రదర్శించారు. అంటే ఐఫోన్ రావడానికి ఆరేళ్ల ముందే ఈ ఆలోచన ప్రయోగశాలల్లో సిద్ధంగా ఉంది.

సంతలోకి వచ్చిన ప్రయత్నాల్లో నాకు ఇప్పటికీ ముచ్చటగొలిపేది 2008 నాటి బ్లాక్‌బెర్రీ స్టార్మ్. వాళ్లు మోటారుతో మాయ చేయకుండా, మొత్తం అద్దాన్నే ఒక మీటగా మార్చేశారు. నొక్కితే తెర నిజంగానే కిందికి దిగి టక్కుమనేది. ఆలోచన నిజాయితీగానే ఉంది కానీ అద్దం అంతా ఒకే మీట కావడంవల్ల, ఒక అక్షరం నుంచి వేలు పూర్తిగా లేపితే తప్ప రెండోది నొక్కలేని పరిస్థితి వచ్చింది. వేగంగా రాసేవాళ్లకు అది కాళ్లకు బంధమైంది. మరుసటి సంవత్సరం వచ్చిన స్టార్మ్2లో ఆ ఒక్క మీట స్థానంలో పీజో పలకలు పెట్టారు.

ఆ తరువాత దారి మోటారు వైపే తిరిగింది. 2015లో ఐఫోన్ 6ఎస్‌తో వచ్చిన ట్యాప్టిక్ ఇంజిన్ ఒక పెద్ద ఎల్ఆర్ఎ. ఒక్క డోలనంలోనే పూర్తి బలం అందుకుంటుందని, 10 మిల్లీసెకన్ల చిన్న తట్టు, 15 మిల్లీసెకన్ల పెద్ద తట్టు ఇవ్వగలదని ఆపిల్ అప్పుడు చెప్పింది. 2016లో ఐఫోన్ 7 హోమ్ బటన్ కదలకుండానే కదిలినట్లు అనిపించింది ఈ మోటారు వల్లే. ఫోన్ ఆపి దాన్ని నొక్కితే అది రాతిలా ఉండేది. నమ్మనివాళ్లకు స్విచాఫ్ చేసి చూపించాల్సి వచ్చేది. విచిత్రమేమిటంటే, ఇంత మంచి మోటారు ఉండి కూడా ఐఫోన్ సొంత కీబోర్డుకు స్పర్శ స్పందన 2022లో ఐఓఎస్ 16తో గానీ రాలేదు.

విప్పకుండా పరీక్షించడం ఎలా

ఫోన్ కవరు తీసేయండి. కవరు మెత్తనిదైతే తట్టును మింగేస్తుంది. ఫోన్‌ను బల్ల మీద పెట్టకండి. బల్ల తబలా మీది చర్మంలా పనిచేసి చప్పుడును పెంచుతుంది, దానితో బలహీనమైన మోటారు కూడా బలమైనదిగా భ్రమపెడుతుంది. అరచేతిలో వదులుగా పట్టుకుని, టచ్ వైబ్రేషన్‌ను పూర్తి స్థాయికి పెట్టి, కళ్లు మూసుకుని కీబోర్డులో ఏదో ఒక మీటను ఒక్కసారి నొక్కండి. స్పందన గోరుతో గట్టి అట్టను కొట్టినట్లు ఒక్క దెబ్బగా తెలిస్తే అది ఎల్ఆర్ఎ అయ్యే అవకాశం ఎక్కువ. మొదలు కొంచెం వెనకబడి, చివర ‘ర్ర్’ అని సాగితే అది తిరిగే మోటారు.

దీనికంటే నమ్మకమైన పరీక్ష చెవితో చేసేది. రింగ్‌టోన్ సెట్టింగుల్లోకి వెళ్లి కాల్ వైబ్రేషన్ నమూనా ఒకటి ఎంచుకుంటే ఫోన్ కొద్ది క్షణాలు వణుకుతుంది. ఆ సమయంలో ఫోన్ వెనుక భాగాన్ని చెవికి దగ్గరగా పెట్టుకుని స్వరాన్ని వినండి. తిరిగే మోటారు వేగం పుంజుకుంటున్నప్పుడు స్వరం కింది నుంచి పైకి పాకుతుంది, ఆగుతున్నప్పుడు పై నుంచి కిందికి జారుతుంది, బండి స్టార్టు చేసి ఆపినట్లు. ఎల్ఆర్ఎ ఎప్పుడూ తన సొంత లయలోనే ఊగుతుంది కాబట్టి స్వరం తంబురా శ్రుతిలా మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట నిలుస్తుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ప్రకటనల్లో రాసిన మాటలతో పనిలేదు.

మూడో పరీక్ష వేగానిది. ముందు చెప్పిన ‘స్త్రీ’ని వీలైనంత వేగంగా ఆరు తాకులతో రాయండి. ఆరు తట్లు విడివిడిగా లెక్కపెట్టగలిగారా, లేక అన్నీ కలిసి ఒకే వణుకై పోయాయా? మృదంగం మీద ద్రుతకాలంలో కూడా ప్రతి దెబ్బా విడిగా వినబడాలన్నట్లే, ఇక్కడా తట్టుకూ తట్టుకూ మధ్య నిశ్శబ్దం మిగలాలి.

కొలత మీద ఆసక్తి ఉన్నవాళ్లు జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న ఫిఫాక్స్ యాప్‌తో ఫోన్‌లో కదలికను కొలిచే త్వరణమాపకాన్నే వాడి గీత గీయించుకోవచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి. 175 హెర్ట్జ్ ప్రకంపనను ఉన్నది ఉన్నట్లు చూడాలంటే సెకనుకు దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. చాలా ఫోన్లలో ఈ కొలత సెకనుకు 200 సార్లు కూడా దాటదు, కాబట్టి గీతలో కనిపించే పౌనఃపున్యాన్ని నమ్మకూడదు. తట్టు ఎంతసేపు సాగిందన్నది మాత్రం ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు.

సెట్టింగులు, వాటిలోని ఒక తిరకాసు

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ అమరిక సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది, చాలామంది ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతారు. మొదటిది ఫోన్ సెట్టింగుల్లో సౌండ్, వైబ్రేషన్‌కు సంబంధించిన పేజీలో ఉంటుంది. టచ్ ఫీడ్‌బ్యాక్ అనో, సిస్టమ్ వైబ్రేషన్ అనో కంపెనీని బట్టి పేరు మారుతుంది. రెండోది కీబోర్డు సొంత సెట్టింగుల్లో ఉంటుంది. గూగుల్ వారి జీబోర్డు వాడేవాళ్లు ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్తే మీట నొక్కినప్పటి హాప్టిక్ ఫీడ్‌బ్యాక్‌ను, అంటే స్పర్శ స్పందనను, ఆన్ చేసే స్విచ్చి, దాని దగ్గరే బలం మార్చే జారుడు గీత కనిపిస్తాయి.

తిరకాసు ఆ జారుడు గీతలోనే ఉంది. పేరు బలమని ఉన్నా, చాలా ఫోన్లలో పక్కన కనిపించే అంకె మిల్లీసెకన్లలో ఉంటుంది. అంటే మీరు పెంచుతున్నది నిజానికి బలాన్ని కాదు, వ్యవధిని. తిరిగే మోటారు ఉన్న ఫోన్‌లో వ్యవధి పెంచితే మోటారుకు వేగం పుంజుకునే సమయం దొరికి తట్టు గట్టిపడినట్లు కొంతవరకు అనిపిస్తుంది. ఎల్ఆర్ఎ ఉన్న ఫోన్‌లో పెంచితే తోక మాత్రమే పొడవవుతుంది. అందుకే పైన చెప్పిన పరీక్ష ముందు చేసి, తరువాతే ఈ గీతను కదపాలి.

నేను పాటించే పద్ధతి ఇది. గీతను పూర్తిగా కిందికి దించి, అసలు తెలియని స్థితి నుంచి ఒక్కో మెట్టు పెంచుకుంటూ వస్తాను. మొదటిసారి స్పష్టంగా తెలిసిన అంకె దగ్గర ఆగి, దానికి ఒకటి రెండు మెట్లు మాత్రమే కలుపుతాను. ఎల్ఆర్ఎ ఫోన్‌లో ఇది 10 నుంచి 15 దగ్గర, తిరిగే మోటారు ఫోన్‌లో 25 నుంచి 35 దగ్గర నిలబడింది. మీ చేతికి వేరే అంకె రావచ్చు. వయసు పెరిగేకొద్దీ పచీనియన్ గ్రాహకాల చురుకుదనం తగ్గుతుంది కాబట్టి, అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ అమర్చి ఇస్తున్నప్పుడు మీ చేతికి కాకుండా వాళ్ల చేతికే ఇచ్చి అడగాలి. ‘తెలుస్తోందా’ అని అడిగితే మొహమాటానికి తెలుస్తోందనే అంటారు. ‘ఎన్నిసార్లు కొట్టింది’ అని అడిగితే నిజం బయటపడుతుంది.

ఐఫోన్‌లో సెట్టింగుల్లోని సౌండ్స్ అండ్ హాప్టిక్స్ పేజీలో కీబోర్డ్ ఫీడ్‌బ్యాక్ కింద హాప్టిక్ అనే స్విచ్చి ఉంటుంది. ఎక్కువ తక్కువలు ఉండవు, ఉంటే ఉన్నట్లు లేకుంటే లేనట్లు. దీనివల్ల బ్యాటరీ వాడకంపై ప్రభావం ఉండవచ్చని ఆపిలే తన సహాయ పేజీలో రాసింది. ఏమీ పనిచేయకపోతే యాక్సెసిబిలిటీలో టచ్ పేజీ తెరిచి, వైబ్రేషన్ అనే స్విచ్చి ఆఫ్‌లో ఉందేమో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే మిగతావన్నీ ఆన్‌లో ఉన్నా ప్రయోజనం లేదు. ఆండ్రాయిడ్‌లో అయితే ముందు బ్యాటరీ సేవర్‌ను అనుమానించాలి, కొన్ని ఫోన్లలో అది వైబ్రేషన్‌ను నిశ్శబ్దంగా ఆపేస్తుంది.

మోటారు ఒకప్పుడు బాగా ఉండి తరువాత గరగరమంటుంటే తప్పు సెట్టింగుల్లో కాకుండా బిగింపులో ఉండవచ్చు. ఒకసారి మా ఊళ్లోని ఒక రిపేరు దుకాణంలో నా ఫోన్‌కు పగిలిన తెర మార్పించుకున్నాను. తెర చక్కగా వచ్చింది, కానీ ఆ రోజు నుంచి ప్రతి అక్షరానికీ డబ్బాలో పప్పు గింజ ఆడించినట్లు చప్పుడు మొదలైంది. రెండోసారి విప్పించి చూస్తే, మోటారును చట్రానికి పట్టి ఉంచే చిన్న స్క్రూ తిరిగి బిగించనేలేదు. మోటారు ఫోన్ శరీరానికి గట్టిగా అంటుకుని ఉంటేనే దాని కదలిక మీ అరచేతిదాకా వస్తుంది. వదులైతే అది తనను తానే కొట్టుకుంటుంది. రిపేరుకు ఇచ్చేముందు కాల్ వైబ్రేషన్ శబ్దాన్ని ఇంకో ఫోన్‌లో పది సెకన్లు రికార్డు చేసి ఉంచుకుంటే, తిరిగి తీసుకునేటప్పుడు దుకాణంలోనే పోల్చి చూసుకోవచ్చు. ఇంకొకటి, రెండు రకాల మోటార్లకూ కరెంటు ఇచ్చే తీరు వేరు. తిరిగేదానికి ఒకే దిశలో పోయే కరెంటు కావాలి, ఎల్ఆర్ఎకు దిశ మారుతూ ఉండే కరెంటు కావాలి. కాబట్టి సైజు సరిపోయిందని ఒకదాని బదులు ఇంకొకటి వేయించుకోకూడదు.

వేలు జారినప్పుడు తెలిసే స్పర్శ

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఫోన్ మొత్తాన్ని కదిపే పద్ధతులు. అద్దం మీదే గరుకుదనం పుట్టించే మార్గాలు వేరే ఉన్నాయి. 1950ల తొలినాళ్లలో అమెరికాలో మాలింక్రాట్ అనే శాస్త్రవేత్త, దీపం వెలుగుతున్నప్పుడు ఇత్తడి హోల్డరు మీద వేలు జారిస్తే స్పర్శ మారుతోందని గమనించి, దాని వెనుక స్థిరవిద్యుత్ ఆకర్షణ ఉందని 1953లో వివరించాడు. మన ఇళ్లలో ఇది తెలియనిది కాదు: ఎర్తింగు లేని ప్లగ్గులో చార్జింగు పెట్టిన లోహపు లాప్‌టాప్ మీద వేళ్లను మెల్లగా జార్చితే సన్నటి ఇసుక రాసినట్లు, రబ్బరు పట్టినట్లు ఉంటుంది. అది గమనిస్తే ప్రయోగాలు చేయకుండా ముందు ఎర్తింగు చూపించుకోండి. ఇదే సూత్రాన్ని సురక్షితమైన స్వల్ప కరెంటుతో టచ్‌స్క్రీన్ మీద వాడి, డిస్నీ పరిశోధకులు 2010లో టెస్లాటచ్‌ను చూపించారు. అమెరికాలోని నార్త్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయంలో అద్దాన్ని చెవికి వినబడని వేగంతో కంపింపజేసి, వేలికీ అద్దానికీ మధ్య పలుచని గాలి పొర ఏర్పరిచి, ఘర్షణను తగ్గించే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఒకటి జారుడును తగ్గిస్తుంది, ఇంకొకటి పెంచుతుంది. రెండూ వేలు కదులుతున్నప్పుడే తెలుస్తాయి. నిలకడగా నొక్కిన వేలికి ఏమీ తెలియదు. చెమట పట్టిన వేలికి మొదటిది సరిగా అందదు కూడా. మీటలు నొక్కడమే ఎక్కువగా ఉండే ఫోన్లలో ఇవి ఇంకా ఇల్లు కట్టుకోకపోవడానికి అది ఒక కారణం.

యాప్ తయారుచేసేవారికి

ఇక్కడ కొంత తీరికగా మాట్లాడాలి, ఎందుకంటే మంచి మోటారును కూడా చెడగొట్టేది యాప్‌లే.

ఆండ్రాయిడ్‌లో మొదట్లో మోటారును ఇన్ని మిల్లీసెకన్లు తిప్పు అని చెప్పడం తప్ప వేరే దారి పెద్దగా ఉండేది కాదు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వైబ్రేషన్ ఎఫెక్ట్ అనే తరగతి వచ్చి బలాన్ని విడిగా చెప్పగలిగే వీలు కలిగింది. ఆండ్రాయిడ్ 10లో క్లిక్, టిక్ వంటి సిద్ధ స్పందనలు, 11లో చిన్న చిన్న తునకలను వరుసగా కూర్చుకునే సదుపాయం వచ్చాయి. ఐఓఎస్‌లో 2016 నుంచి తాకిడికి, ఎంపికకు, ఫలితానికి వేర్వేరు స్పందనలున్నాయి. 2019లో వచ్చిన కోర్ హాప్టిక్స్‌తో తీవ్రతను, పదునును విడివిడిగా నిర్ణయించుకోవచ్చు.

ఇన్ని ఉన్నా మామూలు యాప్‌కు నా సలహా వీటిలో అతి సాదాదాన్ని వాడమనే. ఆండ్రాయిడ్‌లో తెరమీది ప్రతి వ్యూకీ స్వతహాగా ఉండే హాప్టిక్ ఫీడ్‌బ్యాక్ పిలుపును వాడితే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, వాడుకరి టచ్ వైబ్రేషన్ ఆపేసి ఉంటే అది దాన్ని గౌరవిస్తుంది, ఆ ఫోన్ మోటారుకు తగినట్లు తయారీదారు అమర్చిన తట్టునే ఇస్తుంది. మీరే మిల్లీసెకన్లు రాస్తే, మీ చేతిలోని ఖరీదైన ఫోన్‌లో ముద్దుగా ఉన్న 10 మిల్లీసెకన్ల తట్టు, తిరిగే మోటారున్న ఫోన్‌లో అసలు తెలియకుండా పోతుంది. అక్కడ తెలియాలని 60కి పెంచితే మీ ఫోన్‌లో అది వణుకవుతుంది. వెబ్ పేజీల విషయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బ్రౌజరుకు ఉన్న వైబ్రేట్ ఆదేశం ఆండ్రాయిడ్ క్రోమ్‌లో పనిచేస్తుంది, ఐఫోన్ సఫారీలో పనిచేయదు. కాబట్టి స్పందన లేకపోతే అర్థం కాని పేజీని ఎప్పుడూ తయారు చేయకూడదు.

ఎక్కడ పెట్టాలన్నదానికి డబ్బు పంపే తెరను ఉదాహరణగా తీసుకుందాం. అంకెల మీటలకు మెత్తని టిక్ ఉండవచ్చు, పిన్ గుర్తులు చుక్కలుగానే కనిపిస్తాయి కాబట్టి అక్కడ అది నిజంగా సహాయం. ‘పంపు’ మీట నొక్కగానే గట్టి తట్టు ఇవ్వడం మాత్రం పొరపాటు. ఆ క్షణాన బ్యాంకు నుంచి జవాబు ఇంకా రాలేదు, కానీ చేతికి తట్టు తెలియగానే మనసు పని అయిపోయిందనుకుంటుంది, కూరగాయల బండి దగ్గర నిలబడ్డ మనిషి ఫోన్ జేబులో పెట్టేస్తాడు. గట్టి తట్టును జవాబు వచ్చేదాకా దాచి ఉంచి, డబ్బు చేరితే ఒక స్పష్టమైన తట్టు, విఫలమైతే మధ్యలో ఖాళీ ఉన్న రెండు మూడు తట్లు ఇవ్వాలి. జవాబు ఆలస్యమవుతున్నంతసేపూ ఏమీ ఇవ్వకూడదు.

తేదీ ఎంచుకునే చక్రాలు, వాల్యూమ్ గీతల వంటి జారుడు అమరికల్లో ప్రతి మెట్టుకూ టిక్ పెట్టడం బాగుంటుంది, కానీ వేలు వేగంగా జారితే టిక్కులు ఒకదానిమీద ఒకటి పడి మళ్లీ అదే గరగర మొదలవుతుంది. గత టిక్ తరువాత 50 మిల్లీసెకన్లు గడవకపోతే కొత్తది వదిలేయమని ఒక చిన్న షరతు రాస్తే సరిపోతుంది. ఎక్కువసేపు నొక్కి పట్టే చర్యలో, ఒత్తులకు అదనపు అక్షరాలు తెరుచుకునే సందర్భం వంటిదానిలో, తెరుచుకున్న క్షణాన ఒక తట్టు తప్పకుండా ఉండాలి. లేకుంటే ఇంకా ఎంతసేపు పట్టుకోవాలో వేలికి తెలియదు. స్క్రోలు చేస్తున్నప్పుడు, ప్రకటన కనిపించినప్పుడు, పేజీ తెరుచుకున్నప్పుడు ఏమీ అక్కర్లేదు.

కదిలే వాహనంలో ఈ స్పందన విలువ ఎంతో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో పరిశోధకులు ఈవ్ హొగన్, స్టీఫెన్ బ్రూస్టర్, జోడీ జాన్‌స్టన్ 2008లో చూపించారు. ప్రయోగశాలలోనే కాక ఆ నగరపు భూగర్భ రైల్లో కూడా టచ్ కీబోర్డు మీద రాయించి చూస్తే, స్పర్శ స్పందన ఉన్నప్పుడు రాత మెరుగుపడింది. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన నిలబడి ఒంటిచేత్తో తెలుగులో జవాబు రాసేవారికి ఈ ఫలితాన్ని వేరే వివరించనక్కర్లేదు. చూపు లేనివారి సంగతి ఇంకా ముఖ్యం. తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ను ఆన్ చేసి వాడేవారికి వేలు ఒక మీట నుంచి మరో మీట మీదికి వెళ్లినట్లు చిన్న వైబ్రేషన్ చెబుతుంది. మీ యాప్ దాని మీద తన సొంత తట్లను గుప్పిస్తే ఆ దారి మూసుకుపోతుంది. టాక్‌బ్యాక్ నడుస్తోందో లేదో యాప్ తెలుసుకోగలదు కాబట్టి, అప్పుడు అలంకారానికి పెట్టినవన్నీ ఆపేయాలి.

విడుదలకు ముందు చివరి పరీక్ష మూడు ఫోన్లతో చేయండి: మీ దగ్గరున్న మంచి ఫోన్, తిరిగే మోటారున్న చవక ఫోన్, కవరు వేసిన పాత ఫోన్. శబ్దం పూర్తిగా ఆపి, యాప్‌ను ఎన్నడూ చూడని మనిషికి ఫోన్ ఇచ్చి, తెర మీద చేతిరుమాలు కప్పి, ఆయన వేలిని మీరే పట్టుకుని ‘పంపు’ మీట మీద పెట్టండి. ఒకసారి విజయవంతమైన లావాదేవీ, ఒకసారి విఫలమైనది నడిపించి, ఏది ఏదో ఆయన్నే చెప్పమనండి. మూడు ఫోన్లలోనూ తేడా పట్టుకోగలిగితే ఆ రెండు స్పందనలను ఉంచండి. ఏ ఒక్కదానిలో తికమక పడినా తట్ల బలం పెంచకుండా, వాటి మధ్య ఖాళీని పెంచి మళ్లీ అడగండి.